పదో రోజు సాయంత్రం

ఓడలో రెండు వేల మంది ప్రయాణికులుంటే, ఓడ ఒక పక్కకి లాగుతోందని మొదట కనిపెట్టింది ముప్పయ్యేళ్లు బస్సు తోలి రిటైరైన ఒక పెద్దాయన. నాలుగో రోజు పొద్దున్నే ఆయన సమాచారం కౌంటరు దగ్గరికొచ్చి, రెండు అరచేతులూ గట్టు మీద బోర్లించి నిలబడ్డాడు. చెవులతో కాక చేతులతో వింటున్నట్టుంది ఆయన వాలకం.

"అమ్మాయ్, ఎడమ పక్క ఏదో పనిచెయ్యట్లేదు" అన్నాడు. "నిన్నటిదాకా కాళ్ల కింద రెండు అదుర్లుండేవి. ఇప్పుడొకటే ఉంది. బండి ఎడమకి లాగుతోంది. పైన తోలేవాడు బిగబట్టి సరిచేసుకుంటున్నాడు."

కౌంటరు వెనకావిడ నవ్వింది. నవ్వడం ఆమె ఉద్యోగంలో భాగం. ఓడలో పనిచేసేవాళ్లెవరూ ఆమెని అసలు పేరుతో పిలవరు. ఇంజను గదివాళ్లు పెట్టిన పేరు చిలక. ఒడ్డు మీది ఆఫీసు నుంచి వచ్చిన ప్రకటనని పొల్లు పోకుండా, ఎన్ని వందల మందికైనా అదే తియ్యటి గొంతుతో అప్పజెప్పగలదని ఆ పేరు. మొదట్లో గుచ్చుకునేది. తొమ్మిదేళ్లు గడిచేసరికి అదో బిరుదైపోయింది.

"అలాంటిదేం లేదు బాబాయ్ గారూ. ప్రయాణికుల సౌకర్యం కోసం వేగం కొంచెం తగ్గించారు. ఎనిమిదో రోజు ఉదయం అయిదింటికి, అనుకున్న సమయానికే ఇంటి రేవు చేరతాం."

"సౌకర్యం కోసమా" అని ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. వాదించలేదు. బతుకంతా జనం చేత తిట్లు తిన్న మనిషి కాబట్టి కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్ల మీద ఆయనకి కాస్త జాలి ఉన్నట్టుంది.

మధ్యాహ్నానికి ఆ మాట ఆయన ఒక్కడిదే కాకుండా పోయింది. పై అంతస్తులో ఈతకొలను పక్కన ఒక పెద్దమనిషి చుట్టూ పాతిక మంది చేరారు. తెల్ల టోపీ, దాని మీద బంగారు రంగు లంగరు బొమ్మ. ఓడలోని దుకాణంలోనే రెండో రోజు కొన్న టోపీ అది. అయినా జనం ఆయన్ని అడ్మిరల్ అనడం మొదలుపెట్టారు, ఆయనా కాదనలేదు. "అడుగున చిల్లు పడింది. నాకు తెలిసినవాళ్లున్నారు" అంటాడు. గంట పోయాక, చిల్లు కాదు, ఇంధనం కల్తీ అంటాడు. ఇంకో గంటకి ఈ ఓడని తుక్కు కింద అమ్మేశారని, ఇదే ఆఖరి ప్రయాణమని చెప్తాడు. జనం ఫోన్లలో వెతికారు. కంపెనీ వెబ్‌సైటులో 'సమయానికే నడుస్తోంది' అనుంది. ఓడలు ఎక్కడెక్కడున్నాయో చూపించే ఇంకో సైటులో వీళ్ల చుక్క నత్తలా పాకుతోంది. దేన్ని నమ్మాలో తెలీక అందరూ కౌంటరు ముందుకొచ్చి క్యూ కట్టారు. చిలక ఒక్కొక్కరికీ అదే వాక్యం చెప్పింది. సాయంత్రానికి ఆ వాక్యం ఆమె నోట్లో నమిలి నమిలి రుచి పోయిన సున్నుండలా అయింది.

అయిదో రోజు ఓడ ఒక పెద్ద రేవులో ఆగింది. వెనక భాగంలో నీళ్ల మీద బుడగలు లేస్తున్నాయి. డైవర్లు దిగారు. ప్రయాణికులు రెయిలింగు మీద నుంచి వంగి చూసి, కిందికొచ్చి అడిగారు. "మామూలుగా అడుగు శుభ్రం చేసే పని" అని ఓడ మేనేజరు పంపిన కాగితంలో ఉంది. చిలక అదే చెప్పింది.

పదకొండున్నరకి బస్సు పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య ముందు నడుస్తోంది. సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. ఊళ్లో బట్టలు కుట్టే దుకాణం ఉందట. మాట్లాడుతూనే కౌంటరు అంచుని జానతో కొలిచేస్తోంది, అలవాటు కొద్దీ. సంచీలోంచి బూడిద రంగు గుడ్డ పట్టీ ఒకటి తీసి పరిచింది. దానికి వరసగా తొమ్మిది అరలు, చిన్న చిన్న కుట్లతో. ఒక్కో అరలో నాలుగేసి మాత్రలు. మొదటి నాలుగూ ఖాళీ. అయిదో అరలో రెండే మిగిలాయి.

"ఈయనకి ఆరేళ్ల కిందట కిడ్నీ మార్చారమ్మా" అందావిడ. "నాదే ఇచ్చాను. అది ఈయన ఒంట్లో నిలబడాలంటే ఈ మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఎనిమిది రోజుల ప్రయాణమన్నారు, తొమ్మిది రోజులకి తెచ్చుకున్నాను. ఈ ఊరి నుంచి మధ్యాహ్నం విమానముందట. ఓడ ఆలస్యమైతే దిగిపోతాం. లేదూ, ఊళ్లోకెళ్లి ఏ పెద్ద ఆసుపత్రిలోనో చీటీ చూపించి మందు సంపాదిస్తాం. ఈయన కాళ్లు వాచి ఉన్నాయి, ఊరికే ఎండలో తిప్పడం ఇష్టం లేదు నాకు. అందుకని అడుగుతున్నా. ఏ రోజు, ఏ పూట చేరతాం? నాకు ఆ రెండు ముక్కలు చాలు."

చిలక కళ్లు గట్టు కింద ఉన్న కాగితం మీదికి వెళ్లొచ్చాయి.

"ఎనిమిదో రోజు ఉదయం అయిదింటికి పిన్నిగారూ."

"ఖాయమేనా?"

వెనక క్యూలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఇంకెవరో వాచీ చూసుకుంటున్నారు.

"ఖాయం" అంది చిలక.

ఆవిడ పట్టీ చుట్టేసి, దానికి కుట్టిన తాడుతో ముడి వేసి సంచీలో పెట్టుకుంది. "విన్నావుగా, ఇంక నీ బండి లాగుడు గోల ఆపు" అని మొగుణ్ని మందలించి, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా గదికి తీసుకెళ్లింది. ఖాయం అన్న మాట కాగితంలో లేదని చిలకకి ఆ క్షణంలో తట్టనైనా తట్టలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి ఓడ బయల్దేరింది. మర్నాడు పొద్దున దారిలో ఆగాల్సిన చిన్న దీవి దగ్గర ఆగడం లేదని మైకులో చెప్పారు. ఈదురుగాలి వల్లనట. బయట సముద్రం పళ్లెంలో పోసిన నూనెలా కదలకుండా ఉంది. అడ్మిరల్ మనుషులు కౌంటరు ముందు కేకలు పెట్టారు. ఒకామె ఏడ్చింది. ఒకాయన గట్టు మీద పిడికిలితో కొట్టాడు. చిలక గాలి సంగతి నూట ఎనభై మందికి చెప్పింది.

సిబ్బంది భోజనాల గది అడుగు అంతస్తులో ఉంటుంది. కిటికీలుండవు. మధ్యాహ్నం చిలక పళ్లెం పట్టుకొచ్చేసరికి ఇంజను గది ఫిట్టరు మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రంపపు పొట్టు, సబ్బు కలిపి ఎంత రుద్దినా అతని గోళ్ల చుట్టూ నలుపు పోదు. తొమ్మిదేళ్లుగా ఒకే బల్ల మీద తింటున్నారు. ఆమె అతన్ని అన్నా అని పిలుస్తుంది.

"ఏం చిలకమ్మా, ఇవాళ ఏం పలికించారు నీ చేత?"

"గాలి."

ఫిట్టరు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ముద్ద పక్కన పెట్టాడు.

"గాలేంటమ్మా! ఎడమ మోటారు ఆగిపోయి మూడు రోజులైంది. ఇరుసుకి పట్టే బేరింగు అరిగిపోయింది. మూడో రోజు సాయంత్రం నూనె తీసి చూస్తే ఇనప రజను. వేళ్ల మధ్య రుద్దితే ఇసకలా తగిలింది. వెంటనే ఆపేశాం. ఇప్పుడు కుడిదొక్కటే లాక్కొస్తోంది."

"బాగుచేస్తున్నారుగా?"

"సముద్రంలో ఎలా బాగుచేస్తాం? ఓడని డాకులోకి తోలి, నీళ్లన్నీ తోడేసి, ఆరబెట్టి విప్పాలి దాన్ని. నిన్న రేవులో డైవర్లు దిగి చూశారు కదా. నీళ్లు లోపలికి రాకుండా పట్టే సీలు కూడా పోయిందన్నారు."

"ఎన్నింటికి చెప్పారు ఆ మాట?"

"పది, పదింపావు. ఏం?"

చిలక లెక్క వేసుకుంది. పదింపావు. ఆ తర్వాత గంటంపావుకి కదా పిన్నిగారు కౌంటరు మీద ఆ గుడ్డ పట్టీ పరిచింది. అప్పటికి మధ్యాహ్నం విమానం ఇంకా ఎగరలేదు. ఆసుపత్రులు తెరిచే ఉన్నాయి. అన్నం పళ్లెం అలాగే తీసుకెళ్లి తొట్లో పెట్టేసింది.

మేనేజరు గదిలో ఫోను మోగుతూనే ఉంది. అతను చెడ్డవాడేం కాదు. రెండు రాత్రులుగా నిద్ర లేదు, చొక్కా మెడ పట్టీ నల్లబడింది. ఆమె చెప్పిందంతా విని కళ్లు నులుముకున్నాడు.

"ఒడ్డు నుంచి మాట రాకుండా నేను నోరు విప్పలేను. నువ్వూ విప్పకూడదు. ఒకరికి చెప్తే రెండు వేల మందికీ తెలుస్తుంది. తొక్కిసలాటలు జరుగుతాయి."

"ఆయనకి మందు కావాలి సార్."

"డాక్టరుతో మాట్లాడు."

విషయం వినగానే డాక్టరు ఒడ్డుకి కబురు పెట్టాడు. తన అలమరాలో ఆ మందు లేదు. మామూలు ఓడ డాక్టరు దగ్గర ఉండే మందు కాదది. "ఏ తీరం దగ్గరో పడవలో అందించమని అడిగాను. ఎల్లుండి పొద్దున్నే రేవుకి వస్తున్నారుగా, పడవెందుకన్నారు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజంగా ఎప్పుడు చేరతామో నీకేమైనా తెలుసా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె వాళ్ల గది తలుపు కొట్టేటప్పటికి బస్సు పెద్దాయన నిద్రపోతున్నాడు. అద్దం పక్కన దీపం కింద భార్య ఏదో గుండీ కుడుతోంది. చిలక నిలబడే చెప్పింది. మోటారు, రజను, డైవర్లు, అన్నీ. ఆవిడ సూది గుడ్డలోనే గుచ్చి ఉంచి వింది.

"నిన్న నన్ను ఉండమన్నప్పుడు ఇదంతా తెలుసా నీకు?"

"తెలీదు పిన్నిగారూ."

"ఎవరినైనా అడిగావా?"

ఆ ప్రశ్నకి చిలక దగ్గర ఏ కాగితమూ లేదు. "అడగలేదు" అంది.

ఆవిడ మొహం ఎర్రబడింది. తిడుతుందనుకుంది చిలక. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ లేచి, మొగుడి కాళ్ల మీద దుప్పటి సరిచేసి, మళ్లీ వచ్చి నిలబడింది.

"నిన్ను ఏడిపించి నాకొరిగేదేం లేదు. నాకు ఏ రోజో తెలియాలి. ఎన్ని మాత్రలు తక్కువో తెలిస్తేనే కదా ఏం చెయ్యాలో ఆలోచించేది. ఇప్పుడెళ్లి అడుగు. తెలిసినవాణ్ని అడుగు."

తొమ్మిదేళ్లలో చిలక ఇంజను గదికి ఒక్కసారీ వెళ్లలేదు. ఇనప మెట్లు నాలుగు అంతస్తులు కిందికి దిగుతుంటే వేడి గాలి మొహానికి తడిగుడ్డలా తగిలింది. ఫిట్టరు ఆమె చెవుల్లో దూది కుక్కి, చీఫ్ ఇంజనీరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన గాజు గదిలో ముక్కాలి పీట మీద కూర్చుని, కుడి మోటారు వేడి చూపించే అంకె వైపే చూస్తున్నాడు. గడ్డం నెరిసిన మనిషి. కోపిష్టి అని పేరు.

"ఏంటి, పైవాళ్లకి దారి తప్పిందా?"

"మనం ఎప్పుడు చేరతామో కనుక్కుందామని వచ్చానండీ."

ఆయన మొదటిసారి ఆ అంకె మీద నుంచి చూపు తిప్పాడు. "మూడు రోజులైంది" అన్నాడు. "ఓడ కింద ఏం జరుగుతోందని నన్నడగడానికి మెట్లు దిగి వచ్చిన మనిషివి నువ్వే. అందరూ ఒడ్డుకి ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఒడ్డుకి ఏం కనిపిస్తుంది ఇక్కడి నుంచి?"

లాగ్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపాడు. రేవు నుంచి రేవుకి ఎనిమిది వందల నలభై మైళ్లు. మామూలుగా గంటకి పద్దెనిమిది పోతాం. ఒంటి మోటారు మీద ఏడుకి మించితే అది కాలిపోతుంది. ఆమె ముందే భాగహారం చేశాడు, వేలితో ఒక్కో అంకె చూపిస్తూ. నిన్న సాయంత్రం ఆరింటి నుంచి నూట ఇరవై గంటలు.

"పదో రోజు సాయంత్రం ఆరు గంటలకి. కుడిది చల్లగా ఉంటే. వేడెక్కితే ఇంకా నెమ్మదిగా పోవాలి, ఇంకో రోజు పడుతుంది. మునగడం, గినగడం ఏమీ లేదు. అడుగున చిల్లు లేదు. ఇంతకన్నా నాకు తెలీదు. తెలీనిది కూడా రాస్తాను, తీసుకో."

అక్షరాలు వంకర టింకరగా, రెండు చోట్ల తప్పులతో రాసి కింద సంతకం పెట్టాడు. మేనేజరు సంగతి గుర్తొచ్చినట్టుంది, "నిన్నడిగితే నేనే ఇచ్చానని చెప్పు" అన్నాడు.

చిలక తప్పులు దిద్దలేదు. కాగితాన్ని కౌంటరు గాజు మీద, జనం కళ్లకి అందే ఎత్తులో అంటించింది. కింద తన చేత్తో ఇంకో నాలుగు వాక్యాలు రాసింది. ఎవరికి ఏ మందు తక్కువ పడుతుందో వచ్చి చెప్పమని, ఒక ప్రయాణికుడికి ఫలానా మాత్రలు కావాలని, ఎవరి దగ్గరైనా ఉంటే డాక్టరుకి చూపించమని. ఆ చివరి వాక్యం రాసేముందు గదికెళ్లి అడిగింది. "పేరు రాయకు, మందు పేరు రాయి" అందావిడ.

మొదటి గంట భయంగానే గడిచింది. కాగితం ముందు జనం మూగారు. వెనకవాళ్లకి వినపడాలని ఒకతను పైకి చదివాడు. 'ఇంతకన్నా నాకు తెలీదు' అన్న చోట ఆగి, మళ్లీ చదివాడు. తొక్కిసలాట జరగలేదు. ఒకాయన లెక్క మళ్లీ చేసి సరిపోయిందన్నాడు. పెళ్లికి అందుకోవాల్సిన కుటుంబమొకటి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది, తర్వాత లేచి ఫోన్లు చేసుకోవడానికి వెళ్లింది. చంటిపిల్ల తల్లి పాల డబ్బా లెక్క చెప్పింది. సాయంత్రానికి చిలక దగ్గర ముప్పై రెండు పేర్లతో జాబితా తయారైంది.

మేనేజరు వచ్చి కాగితం పీకేశాడు. అప్పటికే దాన్ని ఫోటో తీసుకోని మనిషి ఓడలో లేడు. మర్నాడు మధ్యాహ్నం ఫిట్టరు ఇంకో కాగితం పట్టుకొచ్చాడు. వేగం ఏడు, మోటారు వేడి నిన్నటిలాగే, మిగిలిన మైళ్లు ఇన్ని. చిలక అంటించింది. మేనేజరు స్తంభం పక్కన నిలబడి చాలాసేపు ఆ క్యూని చూశాడు. మనుషులు వస్తున్నారు, చదువుతున్నారు, తలూపి పోతున్నారు. ఈతకొలను పక్కన అడ్మిరల్ కుర్చీ చుట్టూ నలుగురే మిగిలారు.

"దీన్ని నేను చూడలేదు" అన్నాడు మేనేజరు. "ఒడ్డువాళ్లు చూస్తే మాత్రం నీకు సాయం చెయ్యలేను."

"సరే సార్."

కౌంటరు షట్టరు దించేసి, ఆమె లెక్కలు సర్దుకునే వేళకి అడ్మిరల్ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. టోపీ లేకపోతే ఆయన ఇంకెవరో అనుకుంది. చుట్టూ చూసి, జేబులోంచి అట్టపెట్టె తీసి గట్టు మీద ఉంచాడు.

"మీరు రాసిన మందు. నెలకి సరిపడా తెచ్చుకున్నాను. ఇందులో పది రోజులవి ఉన్నాయి."

"ఎవరి కోసమండీ తెచ్చుకున్నది?"

"నా కోసమే. నాకూ మార్చారు, మూడేళ్లయింది." టోపీ అంచు గోటితో గీరుతున్నాడు. "నాతో వచ్చినవాళ్లకి తెలీదు. పేకాటకి పిలుస్తారు, పక్కన కూర్చుని తింటారు. జబ్బు మనిషంటే కళ్లు వేరుగా పెట్టి చూస్తారమ్మా. ఆరోగ్యం ఎలా ఉందని గంటకోసారి అడుగుతారు. ఎవరిచ్చారో చెప్పకండి."

"చెప్పను" అంది చిలక. డాక్టరు పెట్టె తెరిచి, మాత్రల మీది అంకెనీ బస్సు పెద్దాయన చీటీనీ పక్కపక్కన పెట్టి రెండుసార్లు సరిచూశాడు. అదే మందు, అదే మోతాదు.

ఆమె గదికి తీసుకెళ్తే, బస్సు పెద్దాయన మంచం మీద కూర్చుని అరచేతిని గోడకి ఆనించి ఉన్నాడు. "కుడిది బాగానే లాగుతోందమ్మాయ్, అలిసిపోలేదు" అన్నాడు. భార్య మాత్రలు అందుకుని అట్టని అటూ ఇటూ తిప్పింది.

"ఎవరిచ్చారు?"

ఎవరో దయగల మనిషి అనో, ఓడ తరఫున అనో అప్పజెప్పడానికి మాటలు నోటి చివరిదాకా వచ్చాయి.

"నాకు తెలుసు పిన్నిగారూ. చెప్పొద్దన్నారు. అందుకని చెప్పను."

ఆవిడ చిలక మొహంలోకి సూటిగా చూసింది. "అలా చెప్పు" అంది. "అలా చెప్తే నమ్ముతాను."

పదో రోజు సాయంత్రం ఏడింటికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా ఓడ రేవు గోడని తాకింది. టగ్గులనే రెండు లాగుడు పడవలు పట్టి తెచ్చాయి. దిగే మెట్ల దగ్గర మేనేజరు చిలకకి ఒక కవరిచ్చాడు. తర్వాతి ప్రయాణానికి ఆమె అవసరం లేదని ఒడ్డువాళ్లు రాశారు. రేపు మధ్యాహ్నం దాకా రేవు హాల్లో కౌంటరు చూసి, తాళాలు అప్పగించి వెళ్లాలి. అతను ఆమె వైపు చూడకుండా అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

బస్సు పెద్దాయన చక్రాల కుర్చీలో దిగాడు, భార్య సంచీ మోసుకుంటూ వెనకే. చిలక దగ్గర ఆగింది.

"ఆ రోజు ఖాయమన్నావు చూడు, అది నేను మర్చిపోలేనమ్మా" అంది. గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "తర్వాత నువ్వు చేసింది కూడా మర్చిపోను. రెండూ ఉంటాయి." భుజం మీద చెయ్యి వేసి, అలవాటు కొద్దీ ఆ భుజం కొలత చూసుకున్నట్టుగా జాన పరిచి, నడిచిపోయింది.

మర్నాడు పొద్దున రేవు హాలంతా కొత్త ప్రయాణికులు. కొత్త పెట్టెలు, కొత్త కళ్లజోళ్లు. చిలక ముందున్న కాగితంలో 'ఓడ సిద్ధమవుతోంది, బయల్దేరడంలో స్వల్ప ఆలస్యం' అనుంది. క్యూలో మొదట నిలబడ్డ అమ్మాయి కర్ర ఊతంగా ఉన్న తల్లిని చూపించింది.

"ఏదో చెడిందట కదండీ. బాగుచేశారా? ఎన్నింటికి బయల్దేరుతుంది? అమ్మ ఎక్కువసేపు కూర్చోలేదు."

"నాకు తెలీదండీ" అంది చిలక. "ఒక్క నిమిషం. కనుక్కుని చెప్తాను."

ఫోనెత్తి ఇంజను గది నెంబరు నొక్కింది. చాలాసేపు మోగాక చీఫ్ ఇంజనీరు ఎత్తి, ఎవరని కసిరాడు. ఆమె వింది, ఒక పక్కకి రాసుకుంది, మళ్లీ చదివి వినిపించి సరేననిపించుకుంది. ఫోను పెట్టేసింది.

"ఈ ఓడ ఇవాళ కదలదండీ. రేపూ కదలదు. మధ్యాహ్నం డాకుకి లాక్కెళ్తున్నారు, విప్పి చూసేదాకా ఎన్నాళ్లో వాళ్లకీ తెలీదు. అమ్మగారిని ఇంటికి తీసుకెళ్లండి."

అమ్మాయి మొహం వాడిపోయింది. తల్లి మాత్రం కర్ర మీద బరువు మార్చుకుని, "పోనీలే, తెలిసింది కదా" అంది. ఇద్దరూ పెట్టె చక్రాలు వెనక్కి తిప్పారు. హాలు చివర అద్దాల గదిలోంచి మేనేజరు లేచి నిలబడ్డాడు.

క్యూలో తర్వాతి మనిషి ముందుకి జరిగాడు.